చతుర్థీ విభక్తీ, చరవాణి చదువూ

మా అన్నగారి రెండో అమ్మాయి నర్సు. ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేస్తూ, తెల్లవారి బస్సులో ఇంటికి వస్తూ, ఆ బస్సులోనే చరవాణిలో జర్మను నేర్చుకుంది. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, నాలుగు వందల పన్నెండు రోజులు. ఒక్క రోజు కూడా తప్పలేదు. వాళ్ళ అమ్మమ్మ పోయిన రోజున కూడా, శవం వాకిట్లో ఉండగానే పెరట్లోకి వెళ్ళి అయిదు నిమిషాల్లో ఆనాటి పాఠం ముగించుకుని వచ్చింది. లేకపోతే వరసరోజుల లెక్క సున్నాకి పడిపోతుందట. ఆ సంగతి తరవాతెప్పుడో తనే చెప్పి ఏడ్చింది. నిరుడు ఆ అమ్మాయి బి1 పరీక్షకి కూచుంది. చదవడంలోనూ వినడంలోనూ గట్టెక్కింది. రాయడంలోనూ మాట్లాడడంలోనూ తప్పింది.

ఆ పరీక్ష సంగతి తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఐరోపా మండలి 2001లో ప్రకటించిన కొలమానం ప్రకారం పరభాషా జ్ఞానానికి ఏ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లు. బి1 మూడో మెట్టు. అందులో నాలుగు భాగాలు. దేనికదే నూటికి అరవై తెచ్చుకోవాలి. మాట్లాడే భాగంలో అభ్యర్థులని ఇద్దరిద్దరిగా కూచోబెడతారు. ఒక పని గురించి ఇద్దరూ జర్మనులో మాట్లాడుకుని ఒక నిర్ణయానికి రావాలి. మా అమ్మాయికి వచ్చిన విషయం ఏమిటో తెలుసా? ఆసుపత్రిలో ఉన్న స్నేహితుణ్ణి చూడడానికి ఎప్పుడు వెళ్దాం, ఏం పట్టుకెళ్దాం అన్నది! ఎనిమిదేళ్ళుగా ఆసుపత్రిలోనే బతుకుతున్న పిల్లకి అంతకన్నా తేలిక విషయం ఇంకేముంటుంది? అయినా ఎదుటి కుర్రవాడు ఏదో అడిగాడు, ఈమె నోరు తెరిచింది, మాట రాలేదు. “బాబాయ్, మాటలన్నీ తెలుసు. అతను అన్న ప్రతి మాటా నాకు తెలుసు. నోటికి మాత్రం రాలేదు,” అంది ఫోనులో.

ఈ టపా జాలితో రాయడం లేదు, కోపంతో రాస్తున్నాను. కాబట్టి ఎక్కడైనా మాట తూలితే పెద్ద మనసుతో సరిపెట్టుకోండి.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. ఆ యాప్ నేనూ ఎక్కించుకున్నాను. మా అమ్మాయి కాపురం స్టుట్‌గార్టులో. అక్కడికి వెళ్ళి మూడు నెలలు ఉండవలసి వచ్చినప్పుడు, ఈ పిల్లే “నువ్వూ చేరు బాబాయ్, ఇద్దరం పోటీ పడదాం” అంది. చేరాను. నెల తిరక్కుండానే నేను నేర్చుకున్నది జర్మను కాదు, ఆ యాపు గుట్టు. కొత్త పాఠానికి ఎన్ని పాయింట్లో, పాత పాఠం తిరగేసినా అన్నే పాయింట్లు. ఇంకేం! ఆదివారం నాడు కుర్చీలో వెనక్కి వాలి, మొదటి వారపు పాఠాలనే పద్దెనిమిది సార్లు తిరగేసి, మా పిల్లని దాటి వెండి పతకం నుంచి బంగారు పతకానికి ఎక్కాను. “ఆ కుర్రవాడు ఆపిలు పండు తింటున్నాడు” అన్న ఒక్క వాక్యంతో సంపాదించిన బంగారమది. అరవై దాటిన మనిషిని, సిగ్గుపడ్డానా అంటే అప్పుడు పడలేదు. స్టుట్‌గార్టులో మా వీధి చివరి రొట్టెల దుకాణంలో పడ్డాను. వల్లె వేసుకుని వెళ్ళిన వాక్యం పొల్లుపోకుండా అప్పజెప్పాను. కౌంటరు వెనక ఉన్నావిడ రొట్టె కాగితంలో చుడుతూ, తలెత్తకుండా, “జోన్‌స్ట్ నొహ్ వాస్?” అంది. ఇంకేమైనా కావాలా అని అర్థం. ఆ దేశంలో ఏ దుకాణంలోనైనా రోజూ వందసార్లు వినిపించే మాట. నా బంగారు పతకంలో అది లేదు. నేను బెల్లంకొట్టిన రాయిలా నిలబడ్డాను. వెనక వరసలో ఉన్నవాళ్ళు దగ్గారు.

గుర్తుపట్టడం వేరు, తలుచుకోవడం వేరు. పెళ్ళిలో ఎదురుపడ్డ దూరపు చుట్టాన్ని మొహం చూసి పోల్చుకుంటాం గాని పేరు చచ్చినా గుర్తు రాదు. యాపులో చేసేదంతా మొహాలు పోల్చుకోవడమే. నాలుగు బొమ్మలు చూపించి వీటిలో రొట్టె ఏది అంటుంది. మాటలు ముక్కలు ముక్కలు చేసి పళ్ళెంలో పోసి వరసలో పెట్టమంటుంది. కావలసిన ముక్కలన్నీ కళ్ళెదుటే ఉంటాయి. ఒకటో రెండో దండగ ముక్కలు కలుపుతుంది, అదే పరీక్ష అనుకోమంటుంది. బతుకులో ఎవరైనా మన ముందు మాటల పళ్ళెం పట్టుకుని నిలబడతారా? నిలబడేది రోగి. తన బాధ తన యాసలో, సగం మింగి చెబుతాడు. సమాధానం మనం శూన్యంలోంచి తీసుకోవాలి. ఆ తీసే పని ఒక్కసారి కూడా చేయించకుండా నాలుగు వందల పన్నెండు రోజులు “భేష్, భేష్” అని వెన్ను తట్టడాన్ని నేను బోధన అనలేను.

ఇక నా అసలు తగువుకి వస్తాను. మన భాషకి సంబంధించిన తగువు కాబట్టి కొంచెం సావకాశంగా చెబుతాను, ఓపిక పట్టండి.

ఆ పిల్ల జర్మను నేర్చుకున్నది ఇంగ్లీషు మీదుగా. నేనూ అంతే. తెలుగువాడికి ఇంగ్లీషు వచ్చు కదా, అదే చాలునని యాపుల వారి లెక్క. ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్ళవలసినవాణ్ణి విజయవాడ తిప్పి తీసుకెళ్ళడం లాంటిదిది. ఎందుకంటే జర్మను భాషలో ఇంగ్లీషువాడికి చుక్కలు చూపించే విషయాలు కొన్ని తెలుగువాడికి పుట్టుకతోనే తెలుసు.

“నాకు చలిగా ఉంది” అంటాం మనం. జర్మనువాడు “మీర్ ఇస్ట్ కాల్ట్” అంటాడు. మీర్ అంటే నాకు. ఇస్ట్ అంటే ఉంది. కాల్ట్ అంటే చల్లగా. చలి వేసేది నాకు. నేను కర్తని కాను. జర్మను లెక్కలో ఇది ప్రథమ కాదు, శుద్ధ చతుర్థి. ఇంగ్లీషువాడికి ఈ విభక్తి లేదు. వాడు నేనే చల్లగా ఉన్నాననుకుంటాడు. ఆ వాక్యాన్ని మక్కికి మక్కి జర్మనులోకి దింపి “ఇహ్ బిన్ కాల్ట్” అన్నామా, మన ఒళ్ళు శవంలా చల్లబడిందనో, మనం గుండె గడ్డకట్టిన మనుషులమనో అర్థం వస్తుంది. (వేడిగా ఉంది అనడంలో ఇదే పొరపాటు చేస్తే వచ్చే అర్థం ఇంకా చిక్కైనది. సంసారపక్షపు టపాలో రాయదగ్గది కాదు.) తెలుగు పిల్లకి “నాకు” అన్నప్పుడల్లా “మీర్” అను తల్లీ అని ఒక్క మాట చెబితే అరగంటలో అయిపోయే పాఠం ఇది. యాపు ఆ ఒక్క మాట చెప్పలేదు. ఇంగ్లీషు వాక్యం చూపించి జర్మను అడిగింది, ఆమె తప్పు రాసింది, ఎర్రగీత పడింది. మళ్ళీ అడిగింది, మళ్ళీ ఎర్రగీత. చివరికి ఆ వాక్యం కంఠతా వచ్చింది, కారణం మాత్రం రాలేదు. చలి నేర్చుకున్న పిల్లకి వికారం రాలేదు. అంటే, వికారంగా ఉందని చెప్పడం రాలేదు.

నర్సుకి ఇది ఎంత ముఖ్యమో చూడండి. రోగి చెప్పుకునే బాధలు జర్మనులో చాలా మటుకు చతుర్థిలోనే నడుస్తాయి. “మీర్ ఇస్ట్ ష్విండ్‌లిహ్” అంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి. “మీర్ ఇస్ట్ ఊబెల్” అంటే నాకు వికారంగా ఉంది. “మీర్ టూట్ డెర్ కొప్ఫ్ వే” అంటే నాకు తల నొప్పిగా ఉంది. మన వాక్యం, వాళ్ళ వాక్యం పక్కపక్కన పెట్టి చూస్తే రెండు భాషలూ ఒక తల్లి బిడ్డలేమో అని భ్రమ కలుగుతుంది. కావని మనకి తెలుసు. తెలుగు ద్రావిడం, జర్మను ఇండో-ఐరోపా. అయినా అనుభవాన్ని చెప్పుకునే చోట రెండూ ఒకే దారి తొక్కాయి. “నాకు ఆ పాట నచ్చింది” అన్నా అంతే, పాట కర్త, నేను చతుర్థి. ఈ చుట్టరికం చూపించకుండా ఈ పిల్లకి జర్మను చెప్పడం నేరమంటాను.

ఇంకా ఉన్నాయి. “అతను రేపు వస్తాడని నాకు తెలుసు” అన్న వాక్యంలో “అతను రేపు వస్తాడు” అన్న ముక్కని జర్మనువాడు ఉపవాక్యంలో సరిగ్గా ఈ వరసలోనే పెడతాడు, క్రియ చివర. ఇంగ్లీషువాళ్ళు జర్మను క్రియ వాక్యం చివరికి వెళ్ళిపోతుందని నెత్తీ నోరూ బాదుకుంటారు. మనం పుట్టి బుద్ధెరిగాక క్రియని ఇంకెక్కడ పెట్టాం? అలాగే నువ్వు, మీరు. జర్మనులో చనువుకి డూ, మర్యాదకి జీ. పరిచయం లేని పెద్దవాళ్ళని డూ అంటే మనింట్లో తాతగారిని ఒరేయ్ అన్నంత పని. ఇంగ్లీషులో ఈ రెంటికీ ఒకటే మాట కాబట్టి, అటునుంచి వచ్చిన పాఠంలో ఎవరిని ఏమనాలో వాక్యం చూసి ఊహించుకోవాలి, తప్పితే ఎర్రగీత. తెలుగు వాక్యం ఇచ్చి ఉంటే ఆ సందేహమే పుట్టేది కాదు.

లెక్కలు చెప్పేటప్పుడు జర్మనువాళ్ళు ఇరవై ఒకటిని “ఒకటీ ఇరవై” అంటారు, అయినుంట్‌ౘ్వాన్‌సిహ్. మా పిల్ల నెలల తరబడి ఇక్కడే తడబడింది. రోగి ఫోను నంబరు చెబితే అంకెలు తారుమారయ్యేవి. ఒకరోజు నేను, “వినాయక చవితికి ఏం పూజ చేస్తామే?” అన్నాను. “ఏకవింశతి పత్రపూజ” అంది. అనేసి ఆగిపోయింది. ఏక, వింశతి. ఒకటీ, ఇరవై. ఏటా గరికా మాచీ పత్రీ పోగేసిన చేతులకి ఆ వరస కొత్తేమీ కాదు. ఆ తరవాత ఆ పిల్ల అంకెలు తడబడ్డం నేను వినలేదు.

అన్నిటికన్నా నాకు ముచ్చటైనది మరొకటుంది, పాత మిత్రులకి ఇది తప్పక నచ్చుతుంది. దంత్య చకారం గుర్తుందా? చలి, చాప, చుక్క అన్నప్పుడు నాలుక పళ్ళకి తగిలి పలికే ౘ. బడిపుస్తకాల్లోంచి ఎప్పుడో వెళ్ళగొట్టిన ఆ అక్షరానికి 2008లో యూనికోడులో చోటు దొరికినప్పుడు మనలో కొందరం పండగ చేసుకున్నాం. జర్మనులో జెడ్ అక్షరం పలికేది అచ్చంగా ఆ ౘ. పన్నుని వాళ్ళు ౘాన్ అంటారు, మనం చాప అన్నప్పటి ౘాతో. ఇంగ్లీషు అలవాటున్న నోరు దాన్ని జాన్ అంటుంది. మా పిల్ల నాలుగు వందల రోజులూ జాన్ అనే అంది, యాపులోని చెవి ప్రతిసారీ పచ్చదీపం వెలిగించింది. మాండలికంలోనో మాటవరసకో రోజుకి యాభైసార్లు పలికే ధ్వనిని, తనకి రాని పరాయి ధ్వని అనుకుంది పాపం.

ఇవన్నీ యాపు చెప్పకపోవడానికి కారణం ఉంది. అది తెలుగువాడి కోసం పుట్టలేదు. ఈ రంగంలో అందరికన్నా పేరున్న డ్యుయోలింగోనే తీసుకోండి. 2017లో అది ఒక టీవీ ధారావాహిక కోసం కల్పించిన హై వలీరియన్ భాషకి పాఠాలు పెట్టింది. 2018లో అంతరిక్షపు కట్టుకథల క్లింగన్ భాషకి పెట్టింది. 2011 జనాభా లెక్కల్లో 8 కోట్ల 11 లక్షల మంది తమ మాతృభాష అని చెప్పుకున్న తెలుగుకి అప్పటికి అందులో పాఠం లేదు. లేని మనుషులు మాట్లాడే లేని భాష నేర్చుకోవచ్చు, వరంగల్లులో ఉన్న అత్తగారితో మాట్లాడ్డానికి వీలు లేదు! 2025 ఏప్రిల్‌లో ఒక్కసారిగా 148 కొత్త పాఠ్యక్రమాలు ప్రకటించారు, కృత్రిమ మేధ సాయంతో. వాటిలో చాలామటుకు, ఉన్న పాఠాలనే మరికొన్ని భాషల మీదుగా అందించడం. ఎవరి వ్యాపారం వారిది, కాదనను. కాని ఉన్న పాఠానికి వాక్యం వాక్యం తెలుగు అతికించినంత మాత్రాన అది తెలుగువాడి పాఠం కాదు. “నాకు”ని పట్టుకుని “మీర్” దగ్గరికి నడిపించేదే తెలుగువాడి పాఠం.

అతికింపు తెలుగు ఎలా ఉంటుందో నా చరవాణి సాక్ష్యం చెబుతుంది. రెండు రోజులు పాఠం చెయ్యకపోతే నా యాపు పంపిన సందేశం: “మేము మిమ్మల్ని కోల్పోతున్నాము”. పొద్దున్నే అది చదివి మా ఆవిడ కంగారుపడి ఎవరికేమైందని అడిగింది. భాష నేర్పుతామని బయల్దేరినవాళ్ళు మనకి రాసే మాట ఇది.

పోనీ, లాభమేమిటో, ఎవరికో చూద్దాం. డ్యుయోలింగో స్థాపకుల్లో ఒకరైన లూయిస్ ఫాన్ ఆన్ గ్వాటెమాలా దేశస్థుడు, కంప్యూటరు శాస్త్రజ్ఞుడు. అంతకుముందు ఆయన చేసిన రీక్యాప్చా మనందరికీ తెలుసు. నువ్వు మనిషివేనా అని అడుగుతూ, వంకర అక్షరాలు మన చేత చదివించి, పాత పుస్తకాలని అంకీకరించే పని చేయించుకునేది. 2009లో గూగుల్ దాన్ని కొనుక్కుంది. డ్యుయోలింగో మొదట్లో అదే దారిన నేర్చుకునేవాళ్ళ చేత వెబ్ పుటలు అనువదింపజేసి ఆ అనువాదం అమ్మింది. అది నడవక ప్రకటనలకీ చందాలకీ మళ్ళింది. 2021లో స్టాకు మార్కెట్టుకి ఎక్కింది. అప్పటినుంచి మూడు నెలలకోసారి మదుపరులకి వినిపించే లెక్కల్లో ముందు వరసలో ఉండేది, రోజూ ఎంతమంది యాపు తెరిచారన్నది. నిజం చెప్పడానికి ఇందులో దాపరికమేమీ లేదు, అంతా బహిరంగమే. తెరిచినవాళ్ళలో ఎంతమందికి రొట్టెల దుకాణంలో నోరు పెగిలింది అన్నది ఏ మార్కెట్టుకీ అక్కర్లేదు. ఏది కొలుస్తామో అదే పెరుగుతుంది. మా పిల్ల అమ్మమ్మ శవాన్ని వాకిట్లో ఉంచి పెరట్లోకి పరిగెత్తించిన లెక్క, ఏ యాపులోనైనా, ఇలాంటి కొలతలోంచి పుట్టిందే.

ఇక్కడ ఒక మిత్రుడి ఆక్షేపణ చెప్పకపోతే అన్యాయం. ఈ సంగతంతా ఆయనతో అంటే, “బాగానే ఉంది గాని, నీ పెన్షను కడుపు నిండిన కబుర్లివి. ఆ పిల్లకి రాత్రి డ్యూటీ. ఖమ్మంలో జర్మను పంతులు లేడు. హైదరాబాదులో గది అద్దె, సంస్థ ఫీజు ఎవడిస్తాడు? ఉచితంగా దొరికిన ఒక్క బడినీ తగలబెట్టమంటావా?” అన్నాడు. నాలుగు రోజులు నాకు సమాధానం తోచలేదు. ఇప్పుడు తోచింది. అది బడి అయితే తగలబెట్టను. ఆ పిల్ల దగ్గర డబ్బు లేదన్నది నిజం. అందుకే ఆమె దగ్గర ఉన్న ఒకే ఒక్క ఆస్తి, ఆ బస్సులోని రోజుకో నలభై నిమిషాలు, ఇంకా జాగ్రత్తగా ఖర్చు కావాలి. ఉన్నవాడికి ఏడాది పోతే పోతుంది. ఈమెకి ఏడాది పోతే వయసు పోతుంది, వచ్చిన సంబంధం తప్పిపోతుంది, ఇంటి మీది అప్పుకి వడ్డీ పెరుగుతుంది. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బి2 కావాలి, అంటే బి1 తరవాతి మెట్టు. ఉచితమన్నది ఎవరికి ఉచితం?

చరవాణి మీద నాకు పగ లేదు. అదే చరవాణిలో జర్మనీ ప్రజాప్రసార సంస్థ డాయిచె వెల్లె వారి “నీకోస్ వేగ్” అనే పాఠాల వరస ఏ1 నుంచి బి1 దాకా ఉచితంగా ఉంది. మనుషులు నడుస్తారు, తిరుగుతారు, తగువులాడతారు, జర్మను మాట్లాడతారు. నింపాదిగా చదివే వార్తలు కూడా వారివే ఉన్నాయి. అచ్చుప్రతి పక్కన పెట్టుకుని వినవచ్చు. మాటలు మరిచిపోకుండా ఉండడానికి చీటీల పద్ధతి ఉంది. మరుపు ఎలా సాగుతుందో 1885లోనే కొలిచి చూపించినవాడు ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మను పండితుడు. తెలిసిన చీటీ వెనక అరలోకీ తప్పిన చీటీ ముందు అరలోకీ వేసే పెట్టె గురించి 1972లో రాసి ప్రచారం చేసినవాడు జెబాస్టియన్ లైట్‌నర్. 2006లో వచ్చిన అంకీ అనే సాఫ్టువేరు ఆ కోవలోనిదే. అది మనల్ని పొగడదు, పతకాలివ్వదు, బతిమాలదు. ఇవన్నీ మా పిల్లకి ఆలస్యంగా తెలిశాయి, ఎందుకంటే ఇవి రాత్రి పదకొండింటికి ఫోనులో గంట కొట్టి పిలవవు.

“ఇప్పుడు యాపులో యంత్రమే మనతో మాట్లాడుతుందండీ, కాలం మారింది” అనేవారూ ఉన్నారు. మాట్లాడి చూశాను. ఎంత మర్యాద! నేను విభక్తి తప్పినా, లింగం తప్పినా, సగం వాక్యం ఇంగ్లీషులో అన్నా అర్థం చేసుకుంటుంది. విసుక్కోదు, మధ్యలో అడ్డు రాదు, వినబడలేదని చెయ్యి చెవికి ఆనించదు. స్టుట్‌గార్టు రొట్టెలావిడ నన్ను ఒక్క చూపుతో చంపింది. ఆ చూపు వల్లే “జోన్‌స్ట్ నొహ్ వాస్” నాకు ఇక ఈ జన్మలో మరుపు రాదు. సిగ్గు పడని చోట నాలుక తిరగదు, కనీసం నా అనుభవంలో.

మన దగ్గర భాషలు నేర్చినవాళ్ళు ఎలా నేర్చారు? గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడి చెబుతూ, సవర భాష నేర్వాలనుకుని, తెలుగు తెలిసిన సవరనొకణ్ణి ఇంట్లో పెట్టుకుని, అతని నోటినుంచి విని నేర్చారు. నేర్చిన భాషలోనే సవరలకి పుస్తకాలు రాశారు. ఆయన సవర భాషా వ్యాకరణం 1931లో అచ్చయింది. అటునుంచి ఇటు చూస్తే, 1719లో తరంగంబాడిలో దిగిన బెంజమిన్ షుల్ట్సె అనే జర్మను మతప్రచారకుడు మద్రాసు చేరి తెలుగు పట్టుబట్టి నేర్చి, 1728కల్లా లాటినులో తెలుగు వ్యాకరణం రాసేశాడు. తిరిగి వెళ్ళాక హాలే నగరంలో 1746, 47 ప్రాంతాల తెలుగు పుస్తకాలు అచ్చొత్తించాడు. అచ్చులోకి వచ్చిన తొలి తెలుగు పుస్తకాలుగా చెప్పుకునేవి అవే. ఆయన మతంతో నాకు పని లేదు గాని, ఆ పట్టుదలకి నమస్కారం. (ఆయన పేరు చివర ఉన్నది కూడా మన ౘకారమే, గమనించారా?)

అంత దూరం ఎందుకు, మన సంగతే చూసుకోండి. లేఖినిలో ఆర్టీయస్ మీటలు మనకెవరు నేర్పారు? రాయాలనుకున్న మాట ఉంది, చదివే నలుగురున్నారు, “ఒత్తు తప్పింది మాస్టారూ” అని వ్యాఖ్యలో ముక్కు పట్టుకుని చెప్పే అయిదోవాడున్నాడు. పదిహేను రోజుల్లో వచ్చేసింది. “వరసగా ఏడు రోజులు తెలుగు కొట్టారు, ఇదిగో మీ కిరీటం” అని ఎవరైనా అని ఉంటే నవ్వి ఊరుకునేవాళ్ళం.

మా పిల్ల యాపు తీసేసింది. తీసేసిన రోజున చెయ్యి వణికిందట. ఒక పాత సహోద్యోగి ద్వారా, జర్మనులో చాలాకాలం పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకున్న ఒక పెద్దావిడ దొరికారు. వారానికి మూడు రోజులు, వీడియోలో, ముప్పావుగంట. ఆవిడ మొదటి రోజున, “నీకు తెలిసిన జర్మను చెప్పకు, నిన్న డ్యూటీలో ఏం జరిగిందో చెప్పు” అన్నారట. మూడు వాక్యాలకి ఇరవై నిమిషాలు పట్టింది. ఆవిడ సాయం చెయ్యకుండా అలా చూస్తూ కూచున్నారు. ఆ రాత్రి పిల్ల నాకు ఫోను చేసి, “బాబాయ్, ఆవిడ రాక్షసి” అంది. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆరు నెలల తరవాత తప్పిన రెండు భాగాలూ రాసింది. రాయడంలో 71, మాట్లాడడంలో 78. ఇప్పుడు బి2 చదువుతోంది. తెలంగాణ ప్రభుత్వపు టామ్‌కామ్ వారు నర్సులకి జర్మను శిక్షణ ఇప్పిస్తున్నారని తెలిసి ఆ వివరాలు కూడా కనుక్కుంటోంది.

మొన్న ఆదివారం ఇంటికి వచ్చింది. నాకు నడుం పట్టేసి మంచం మీద ఉన్నాను. “ఎలా ఉంది బాబాయ్, జర్మనులో చెప్పు” అంది. చెప్పాను. “డెర్ కాదు, డెన్ కాదు, అక్కడ డెమ్” అని దిద్దింది. ఎందుకని అడిగితే, చతుర్థి కాబట్టి, అంది.

డెర్, డెన్, డెమ్, డెస్‌లని ఇద్దరం కలిసి శబ్దమంజరి వరసలో, విభక్తుల పేర్లు తెలుగులోనే పెట్టి, నాలుగు పేజీల పట్టికగా రాశాం. పుంలింగం, స్త్రీలింగం, నపుంసకం, బహువచనం, ఒక్కొక్క దానికి రెండు ఉదాహరణలు, రెండూ ఆసుపత్రి వాక్యాలే. కావలసినవాళ్ళు వ్యాఖ్యలో అడగండి, పంపుతాను. తప్పులుంటే చెప్పండి, మూడో పేజీలో ఒకటి ఉందని నా అనుమానం.